కల్లంలో కర్తవ్యం: నీతి సిద్ధాంతాలు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ తడబడతాయి

ఏప్రిల్ చివరికల్లా యాసంగి వరి కోతలు ముదురుతాయి. వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ జిల్లాల్లో ఏ ఐకేపీ సెంటర్ (మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం) చూసినా వడ్ల కుప్పలే. మధ్యాహ్నం దాటగానే మబ్బు పడుతుంది. తేమ మిషన్ 18.6 చూపిస్తుంది. కొనాలంటే 17 శాతం దాటొద్దు. "అక్కా, ఇయ్యాల కాంటా పెట్టకుంటే రాత్రి వానకు అన్నీ మొలకలొస్తయి. పదిహేడని రాయరాదు, నీ ఇంట్లకెల్లి పోయేదా?" అని రైతు బతిమాలుతాడు. సెంటర్ చూసుకునే మహిళా సంఘం సభ్యురాలు నీతిశాస్త్రం చదివి ఉండకపోవచ్చు. అయినా ఆమె ముందున్నది ఆ శాస్త్రం రెండు వందల ఏళ్లకు పైగా తేల్చుకోలేకపోతున్న ప్రశ్నే: ఫలితం మంచిదైతే తప్పు పని చేయవచ్చా?

ఆమెకు మూడు దారులున్నాయి. ఉన్నది ఉన్నట్టు 18.6 రాసి ఆరబెట్టుకొమ్మనడం ఒకటి. 17 రాసి కాంటా పెట్టేయడం రెండోది. 17 రాసి, 40 కిలోల సంచికి రెండు కిలోలు తరుగు కింద ఎక్కువ జోకించుకోవడం మూడోది. ఈ మూడోది అందరికీ నచ్చే రాజీలా కనిపిస్తుంది. రైతుకు కాంటా అవుతుంది, మిల్లుకు నష్టం రాదు, సెంటర్‌కు తలనొప్పి తీరుతుంది. నీతి పరంగా మూడింటిలో బాగా బలహీనమైన దారి మాత్రం అదే. ఎందుకో తెలియాలంటే ముందు లెక్క వేయాలి.

కుప్ప 60 క్వింటాళ్లు అనుకుందాం, అంటే 150 సంచులు. 2025–26 సీజన్‌లో గ్రేడ్ ఎ వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2389 రూపాయలు. కుప్ప విలువ లక్షా 43 వేల పైచిలుకు. ఇక తేమ సంగతి. 18.6 శాతం తేమ ఉన్న 40 కిలోల వడ్లలో ఎండు సరుకు 32.56 కిలోలు. అదే సరుకు 17 శాతానికి ఆరితే బరువు 39.23 కిలోలకు దిగుతుంది. తేడా సంచికి 770 గ్రాములు, మొత్తం కుప్పకు సుమారు 116 కిలోలు, డబ్బులో 2770 రూపాయల దాకా.

ఫలితవాదం ఈ లెక్కతోనే మాట్లాడుతుంది. ఇంగ్లీషు తత్వవేత్తలు జెరెమీ బెంథామ్ 1789లో, ఆ తర్వాత జాన్ స్టూవర్ట్ మిల్ చెప్పింది ఇదే: ఏ పని వల్ల అందరికీ కలిపి ఎక్కువ మేలు, తక్కువ బాధ కలుగుతుందో అదే సరైన పని. ఒకవైపు లక్షన్నర పంట మొలకెత్తే ప్రమాదం, మరోవైపు మిల్లుకు మూడు వేల లోపు నష్టం. ఈ ఒక్క కుప్ప వరకే చూస్తే 17 రాసేయమని ఫలితవాదం నిస్సంకోచంగా చెబుతుంది. ఈ జవాబును తేలిగ్గా తోసిపుచ్చలేం. రైతు బాధ నిజం, మబ్బు నిజం.

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో ప్రతిపాదించిన పరీక్ష వేరే చోట పట్టుకుంటుంది. "నేను ఏ సూత్రం మీద ఈ పని చేస్తున్నాను? ఆ సూత్రాన్నే అందరూ పాటిస్తే నా పని ఇంకా సాగుతుందా?" అని అడగమంటాడు. ఇక్కడి సూత్రం ఇది: "రైతుకు అవసరం పడ్డప్పుడు తేమ అంకె మార్చి రాస్తాను." ప్రతి సెంటరూ ఇలాగే చేస్తే రిజిస్టర్‌లో 17 అన్న అంకెకు విలువ ఉండదు. మిల్లు దాన్ని నమ్మదు, సొంతంగా మళ్లీ చూసి తన ఇష్టం కొద్దీ కోత పెడుతుంది. అంకెను నమ్మేవాళ్లు ఉన్నంత కాలమే తప్పుడు అంకెతో పని జరుగుతుంది. తన కాళ్ల కింద నేలను తానే తవ్వుకునే సూత్రం ఇది. కాంట్ చెప్పే వైరుధ్యం సరిగ్గా ఇదే, దీనికి వేరే తత్వశాస్త్రం అక్కర్లేదు. లారీ మిల్లుకు చేరాక ట్రక్ షీట్ (లారీ వెంట వెళ్లే సరుకు కాగితం) మీద మళ్లీ కోత రాసి పంపే గొడవ చూసినవాళ్లకు ఇది అనుభవంలో ఉన్న సంగతే. ఆ కోత పడేది తడి వడ్లు తెచ్చిన రైతు ఒక్కడి మీదే కాదు. రెండు రోజులు కల్లంలో కాపలా పడుకుని ఆరబెట్టి తెచ్చినవాడి మీద కూడా పడుతుంది.

మిల్లరును దొంగగా చూపితే ఈ చర్చ తప్పుదారి పడుతుంది. క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి. వడ్లలో నీళ్లెక్కువుంటే ఆ లోటు మిల్లరు పూడ్చుకోవాలి. పైగా తడి వడ్లు కుప్పలో వేడెక్కి రంగు మారతాయి. అతని భయంలో న్యాయం ఉంది. దానికి అతను వేసే లెక్కలోనే అన్యాయం మొదలవుతుంది.

ఇప్పుడు తరుగు. తేమ వల్ల న్యాయంగా తగ్గేది సంచికి 770 గ్రాములు. తీసుకునేది రెండు కిలోలు. 150 సంచులకు 300 కిలోలు, అందులో 184 కిలోలకు ఏ లెక్కా లేదు. ఆ 184 కిలోల ధర దాదాపు 4400 రూపాయలు. రైతు ఒప్పుకున్నాడు కదా అంటారు. కాంట్ రెండో సూత్రం ఇక్కడ పనికొస్తుంది: మనిషిని కేవలం సాధనంగా వాడుకోవద్దు, అతనికీ సొంత ఉద్దేశాలున్నాయని గుర్తించి వ్యవహరించాలి. దీన్ని పరీక్షించే తీరు సులువు. మనం చేసే పని లెక్కతో సహా ఎదుటివాడి ముందు పెడితే అతను సరేననగలడా? 770 గ్రాముల లెక్క క్యాలిక్యులేటర్‌లో చూపిస్తే రైతు ఒప్పుకోవచ్చు. రెండు కిలోల లెక్కను చూపించడం ఎవరికీ వీలుకాదు, ఎందుకంటే అది లెక్క కాదు. తలమీద మబ్బు పెట్టుకుని ఇచ్చిన ఒప్పుకోలును సమ్మతి అనలేం. పైగా ఈ దారిలో రిజిస్టర్‌లో తప్పుడు 17 కూడా ఉంటుంది. రెండో దారిలోని అబద్ధం, దాని మీద ఒక దోపిడీ: మూడో దారిలో ఉన్నవి ఇవే. కొనుగోలు నిబంధనల్లో ఇలాంటి తరుగుకు చోటు లేదు.

అలాగని 18.6 రాసి రైతును వెనక్కి పంపేస్తే కర్తవ్యం తీరిపోయినట్టేనా? ఫలితం ఎలా ఉన్నా చేయాల్సింది చేయాలనే కాంట్ తరహా కర్తవ్యవాదాన్ని చదివినవాళ్లు కూడా ఇక్కడే తరచూ తప్పు చేస్తారు. కాంట్ కర్తవ్యాలను రెండు రకాలుగా విడదీశాడు. అబద్ధం రాయకపోవడం, మోసం చేయకపోవడం సడలింపు లేని కర్తవ్యాలు. ఇతరులకు సాయపడటం కూడా కర్తవ్యమే, కానీ ఎప్పుడు, ఎంత, ఏ రూపంలో అన్నది పరిస్థితిని బట్టి ఉంటుంది. మొదటిది నిలబెట్టుకున్నవాళ్లకు రెండోది మాఫీ కాదు. అందుకే అంకె మార్చని ఇన్‌చార్జికి చేయాల్సిన పని ఇంకా ఎక్కువే ఉంటుంది. కుప్ప పైభాగం నుంచే గుప్పెడు తీసి మిషన్‌లో పోయడం మానాలి. పైన, నడుమ, అడుగున, నాలుగు మూలలా నమూనాలు తీసి, కలిపి, రెండు మూడు సార్లు చూసి సగటు రాయాలి. పై పొర ఎండకు ఆరి 16 చూపిస్తుంది, అడుగు 20 ఉంటుంది. లేదా మంచు పడ్డ ఉదయం పై పొరే ఎక్కువ చూపిస్తుంది. మిషన్ సరిచూసి ఎన్నాళ్లైందో తెలుసుకోవాలి. టార్పాలిన్లు ఎవరికి ముందు ఇవ్వాలన్నది వచ్చిన వరుసను బట్టి కాకుండా మబ్బు, తేమ చూసి తేల్చాలి. 17.2 ఉన్న కుప్పను పలుచగా పరిపించి, తిరగేయించి, గంట రెండు గంటల తర్వాత మళ్లీ చూడాలి. ఇవన్నీ చేసినా వాన ముంచేయవచ్చు. అప్పుడు నష్టం జరిగిందని ఉన్నది ఉన్నట్టు రాసిన కాగితమే పరిహారం అడగడానికి ఆ రైతుకు ఆధారం. 17 అని రాసిన కాగితం చేతిలో ఉంటే తడిసిందని చెప్పుకునే వీలూ ఉండదు.

నీతికి మూలం మంచి గుణాలు అలవడటమేనని, అరిస్టాటిల్ దారిలో నడిచే సద్గుణవాదులు ఇక్కడ ఒక మాట కలుపుతారు, అది విలువైన మాట. గింజను పంటికింద పెట్టి తేమ చెప్పగల అనుభవం ఉన్నట్టే, ఎక్కడ పట్టుబట్టాలో ఎక్కడ ఓపిక పట్టాలో తెలిసే వివేకం కూడా చేస్తూ చేస్తూ అబ్బేదే. సూత్రం ఎంత గట్టిదైనా 17.2కూ 18.6కూ తేడా చూడగల కన్ను లేకపోతే పనికిరాదు. అయితే కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్లకు "వివేకంతో చేయి" అంటే దారి దొరకదు. వాళ్లకు నిలబడే గీత ఒకటి కావాలి.

సూత్రాన్ని ఎలా పట్టుకోవాలి

కాంట్ పరీక్ష విఫలమయ్యేది ఎక్కువగా పరీక్ష వల్ల కాదు, సూత్రాన్ని తప్పుగా రాసుకోవడం వల్ల. రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి మరీ వెడల్పుగా రాయడం: "నేను తేమ రాస్తాను." దీన్ని అందరూ చేయవచ్చు, ఇబ్బందే లేదు, అసలు సంగతి అందులో లేదు. రెండోది మరీ ఇరుకుగా రాయడం: "ఫలానా తేదీన, ఫలానా ఊళ్లో, మా మేనమామ కొడుకు కుప్పకు మాత్రమే అంకె మారుస్తాను." దీన్నీ అందరూ చేయవచ్చు, ఎందుకంటే అలాంటి సందర్భం లోకంలో ఇంకొకటి రాదు. సరైన కొలత ఏమిటంటే, పేర్లు, తేదీలు, ఊళ్లు తీసేయాలి. ఆ పని చేయడానికి మనల్ని నిజంగా కదిలించిన కారణాన్ని మాత్రం ఉంచాలి. రైతు బంధువు కాకపోయినా అంకె మార్చేవాళ్లమా? కాకపోతే బంధుత్వమే కారణం, దాన్ని సూత్రంలో రాయాల్సిందే. రాయగానే దాని రంగు బయటపడుతుంది.

ఈ మినహాయింపుల గొడవ తెలుగువాళ్లకు కొత్తది కాదు. బమ్మెర పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో శుక్రాచార్యుడు బలికి చేసిన బోధలో ఒక భాగం దీని మీదే. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణానికి, ధనానికి, మానానికి భంగం వచ్చినప్పుడు, భయపడిన గోవులనూ విప్రులనూ కాపాడేటప్పుడు "బొంకవచ్చు నఘము పొందదధిప" అంటాడు. జాబితాను జాగ్రత్తగా చూస్తే ప్రాణం పక్కనే ధనం కూర్చుని ఉంది. ప్రాణం కోసం అబద్ధమంటే చాలామంది ఒప్పుకుంటారు. ధనం కూడా చేరితే అంగట్లో, బ్యాంకులో, సంఘంలో చెప్పే ప్రతి అబద్ధానికీ తలుపు తెరుచుకుంటుంది. మినహాయింపు సూత్రాన్ని మింగేయడమంటే ఇదే. "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అన్న బలిది కర్తవ్యవాదికి దగ్గరి జవాబు. బలి మాట మీద నిలబడటం గొప్పే. అయితే ఆ మాటతో పోయిన రాజ్యం అతను ఒక్కడిదేనా అన్న ప్రశ్న ఫలితవాది అడగక మానడు, అడగడం న్యాయమే. తన సొత్తును త్యాగం చేసే మాటకూ, ఇతరుల బతుకును పణం పెట్టే మాటకూ ఒకే బరువు లేదు.

కాంట్ మరీ బిగుసుకుపోయిన చోటూ ఉంది. 1797లో రాసిన చిన్న వ్యాసంలో, చంపడానికి వచ్చినవాడు స్నేహితుడు ఎక్కడ దాక్కున్నాడని అడిగినా అబద్ధం చెప్పకూడదన్నాడు. మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడు సరిగ్గా ఇదే చేశాడు. పారిపోయి దాక్కున్నవాళ్ల జాడ దొంగలకు నిజాయితీగా చెప్పాడు, ఆ పాపానికి నరకానికి పోయాడు. ఇక్కడ కాంట్ కన్నా భారతకారుడి తీర్పే సరైనదని చెప్పడానికి వెనకాడక్కర్లేదు. కాంట్ సొంత సూత్రంతో కూడా ఆ తీర్పుకు చేరవచ్చు. హంతకుడు మన నిజాయితీని తన హత్యకు సాధనంగా వాడుకుంటున్నాడు, దానికి లొంగడం స్నేహితుడిని మనిషిగా చూడటం కాదు. అయితే ఈ మినహాయింపు ఎంత ఇరుకో గమనించాలి: ప్రాణం, ఎదుటివాడి దుర్మార్గం, వేరే దారి లేకపోవడం మూడూ ఉండాలి. తేమ మిషన్ దగ్గర ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

గేటు దగ్గర ఒక నిమిషం

కర్తవ్యవాదాన్ని నిబంధనల మొండితనంతో కలిపేసే అలవాటు మనకు బాగా ఉంది. ఇంటర్ పరీక్షల్లో "నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వం" అన్న నిబంధన తెలంగాణలో ఏళ్ల తరబడి నడిచింది. 2024 ఫిబ్రవరి చివర ఆదిలాబాద్ జిల్లాలో అలా వెనుదిరిగిన ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. ఆ వెంటనే ఇంటర్ బోర్డు ఐదు నిమిషాల సడలింపు ఇచ్చింది. బోర్డు కర్తవ్యం, గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగి కర్తవ్యం ఒకటి కావు.

గేటు దగ్గరి ఉద్యోగి తెలిసినవాళ్ల పిల్లను పంపించి, ఏజెన్సీ ఊరి నుంచి బస్సు దొరక్క ఆలస్యమైన పిల్లను ఆపితే అది మినహాయింపు; కాంట్ పరీక్షలో క్షణం నిలవదు. అందరికీ ఐదు నిమిషాలు ఇవ్వడం సూత్రాన్ని మార్చడం, అది నిలుస్తుంది. ఆ నిబంధన దేనికోసం? పేపరు తెరిచాక బయటికీ లోపలికీ రాకపోకలు ఉండకూడదని. ఐదు నిమిషాల్లో ఆ ఉద్దేశం దెబ్బతినదు. ఆ సంగతి తేల్చాల్సింది నిబంధన రాసేవాళ్లు, తేల్చాల్సింది పరీక్షలకు ముందు. నిబంధన పాటించేవాళ్ల మీద ఆ భారం వేసి, చివరికి ఏం జరిగినా "రూల్ అది" అనుకోవడం కర్తవ్యవాదం కాదు. కాంట్ భాషలో సూత్రం రాసేవాడు కూడా కర్తే, దాని కింద నలిగేవాళ్లందరి స్థానంలో నిలబడి చూసి రాయాలి. నిబంధన ఫలితవాదులు కూడా ఇదే చోటికి వేరే దారిలో వస్తారు: ఏ పని మేలు అని కాకుండా, ఏ నిబంధన అందరూ పాటిస్తే మేలు అని లెక్క వేస్తారు. ఈ కేసులో రెండు సిద్ధాంతాలకూ పేచీ లేదు.

"బాపుకు మాత్రం చెప్పకుండ్రి"

పేచీ గట్టిగా వచ్చేది దవాఖానలో. ములుగు వైపు నుంచో మంచిర్యాల నుంచో అరవై ఏళ్ల మనిషిని వరంగల్‌కు తెస్తారు. బయాప్సీలో క్యాన్సరని తేలుతుంది. కొడుకు గది బయటికి వచ్చి, "డాక్టర్ సాబ్, ఏదున్నా మాకు చెప్పుండ్రి, బాపుకు మాత్రం చెప్పకుండ్రి. ఇంటే గుండె పగిలి పోతడు" అంటాడు. ప్రేమతో అన్న మాట అది. డాక్టరు ఏం చేయాలి?

ఫలితవాదంతో మొదలుపెడితే చెప్పకపోవడమే మేలనిపిస్తుంది. అయితే ఆ లెక్కలో కొన్ని ఖర్చులు రాయడం మరిచిపోతారు. మొదటిది, అబద్ధం నిలవదు. కీమో వార్డు బోర్డు కనిపిస్తుంది, పక్క బెడ్ మనిషి అడుగుతాడు, జుట్టు రాలుతుంది. తెలిసిన రోజున రోగం బాధకు ఇంట్లోవాళ్లంతా ఒక్కటై దాచారన్న బాధ తోడవుతుంది. ఆ తర్వాత డాక్టరు చెప్పే ఏ మంచి మాటనూ అతను నమ్మడు. రెండోది, మన ఊళ్లలో సగం లావాదేవీలు నోటి మాట మీదే నడుస్తాయి. ఎవరికి ఎంత అప్పిచ్చాడు, ఏ దుకాణంలో ఉద్దెర ఉంది, ఏ గుంట భూమి కాగితం ఎవరి పేరున ఉంది అన్నది ఆ మనిషికే తెలుసు. టైం తక్కువుందని తెలియనివాడు అవేవీ చెప్పడు. అతను పోయాక అన్నదమ్ములు పట్టా కోసం తిరుగుతారు, ఇచ్చిన అప్పు ముట్టలేదని ఒకరంటే ముట్టిందని ఇంకొకరంటారు. మూడోది, ఎక్కడికి పోవాలని ఉంది, ఎవరిని చూడాలని ఉంది అన్న కోరికలు. అవి తీర్చుకునే అవకాశం అతనికే లేకుండా పోతుంది.

కాబట్టి ఫలితవాదమే సరిగ్గా లెక్క వేస్తే చెప్పడం వైపు మొగ్గుతుంది. అయినా ఈ కేసును లెక్క మీద వదలకూడదు. లెక్క తేలకముందే ఇంకో ప్రశ్న ఉంది: ఆ ఒళ్లు ఎవరిది, ఆ నిర్ణయం ఎవరిది? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. ఆపరేషన్ టేబుల్ మీద మత్తులో ఉన్న వయోజనురాలి తరఫున తల్లి దగ్గర తీసుకున్న సమ్మతి చెల్లదన్నది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, పెద్ద ప్రమాదాలు రోగికి తగినంత తెలిశాకే సమ్మతి అవుతుందని చెప్పింది. తెలివితో ఉన్న తండ్రి బదులు కొడుకు సంతకం పెట్టి కీమో మొదలుపెట్టడం నీతికీ చట్టానికీ రెంటికీ నిలవదు.

ఇక్కడ కర్తవ్యవాదాన్ని మొరటుగా వాడితే ఇంకో ప్రమాదం ఉంది. రిపోర్టు రాగానే ఇష్టం ఉన్నా లేకున్నా రోగి ముఖం మీద మొత్తం చెప్పేయడం కర్తవ్యమనుకునేవాళ్లుంటారు. అబద్ధం చెప్పకపోవడం సడలని కర్తవ్యం; ప్రతి వివరాన్నీ ఈ క్షణంలో చెప్పడం అలాంటిది కాదు. ఎంత తెలుసుకోవాలన్నది కూడా రోగి ఇష్టమే. అందుకే ఈ ముడి విప్పే సరైన సమయం రిపోర్టు వచ్చాక కాదు, పరీక్షలు రాసేటప్పుడే. "రిపోర్టులు వచ్చినంక వివరాలు మీకే చెప్పమంటరా, ఇంట్ల ఎవరికైనా చెప్తే చాలా?" అని అప్పుడే రోగిని అడిగి కేసు షీట్‌లో రాసుకోవాలి. "మా పెద్దోనికి చెప్పుండ్రి, నాకెందుకు" అన్నాడంటే అది అతని నిర్ణయం, దాన్ని గౌరవిస్తూ ఇంటివాళ్లతో మాట్లాడవచ్చు. ఇలా అడగకుండా ఇంటివాళ్ల మాటే పట్టుకుంటే అది రోగి నిర్ణయం కాదు. ఒక్క ప్రశ్న ముందుగా అడిగితే సగం చిక్కులు పుట్టవు.

అడగకుండానే రిపోర్టు వచ్చేసిందనుకుందాం. అప్పుడు కొడుకును శత్రువులా చూడటం తప్పు. అమెరికా మనస్తత్వవేత్త కరోల్ గిల్లిగన్ 1982లో బలంగా ముందుకు తెచ్చిన సంరక్షణ నీతి ఈ చోట కాంట్ కన్నా బాగా చూస్తుంది: మనుషులు ఒంటరిగా నిర్ణయాలు తీసుకోరు, బంధాల మధ్య తీసుకుంటారు. కొడుకును కూర్చోబెట్టి, నేను అబద్ధం చెప్పను, ఆయన అడిగితే దాచను, అడగనిది తోసుకెళ్లి చెప్పను అని ముందే తేల్చి చెప్పాలి. తర్వాత కొడుకు సమక్షంలోనే, "మీకేమైందని మీరనుకుంటున్నరు?" అని రోగినే అడగాలి. చాలామంది అప్పటికే పసిగట్టి ఉంటారు. ఇంటివాళ్లు బాధపడతారని నోరు తెరవరు. రెండు వైపులా ఒకరినొకరు కాపాడుకుంటూ మాట్లాడుకోని పరిస్థితి అది. "ఏం లేదు, చిన్న గడ్డ" అన్న మాట మాత్రం ఏ సిద్ధాంతం ప్రకారమూ నిలవదు, దాన్ని ఎవరు చెప్పినా.

ట్రాలీ, గేట్లు

నీతిశాస్త్రం పేరెత్తగానే చాలామందికి గుర్తొచ్చేది 1967లో ఫిలిప్పా ఫుట్ వేసిన ట్రాలీ ప్రశ్న: పట్టాల మీద ఐదుగురు, పక్క పట్టాల మీద ఒకడు, మలుపు తిప్పాలా వద్దా. క్లాసురూములో మంచి కసరత్తు. జీవితంలో ఎవరి చేతికీ అంత శుభ్రంగా మీట దొరకదు. దగ్గరగా వచ్చే ఉదాహరణ నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు. 2022 జూలై వరదలో డ్యాం మీదికే నీళ్లొచ్చేలా ఉన్నప్పుడు గేట్లన్నీ ఎత్తకపోతే డ్యాం పోతుంది, ఎత్తితే దిగువ పొలాలు మునుగుతాయి. మునక తెలిసి జరిగేదే గానీ ఎవరూ కోరేది కాదు. కర్తవ్యవాదులు ఈ తేడాకు చాలా విలువిస్తారు. కానీ దిగువ ఊళ్లవాళ్లకు ముందే చెప్పి, ఖాళీ చేయించి, గొడ్డూగోదా దాటించాకే ఆ తేడాకు అర్థం. హెచ్చరిక లేకుండా గేటెత్తితే కోరలేదన్న మాట ఎవరికీ ఊరట కాదు.

రెండు బర్రెల కాగితం

చివరి చిక్కు అన్నిటికన్నా మామూలుది, అన్నిటికన్నా తరచుగా వచ్చేది. మహిళా సంఘంలో ఒకామె భర్తకు ఆపరేషన్. సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్‌లో తన వాటా కింద లక్ష కావాలి. కాగితం మీద "రెండు బర్రెలు కొనుటకు" అని రాయమంటుంది. లీడరుకు తెలుసు, అందరికీ తెలుసు, బర్రెలు రావు.

తీర్చలేనని తెలిసీ తీరుస్తానని అప్పు తీసుకోవడం 1785లో కాంట్ ఎంచుకున్న ఉదాహరణే. ఈ కేసు అదే అనుకుంటే తొందరపాటు. ఆమె అప్పు తీర్చను అనడం లేదు. దేనికి వాడతానన్నది మాత్రం తప్పు చెబుతోంది. అయితే ఈ రెంటికీ లోపల సంబంధం ఉంది. బర్రె పాలిస్తుంది, నెల నెలా కిస్తీ పాల డబ్బుతో కడతారన్న లెక్క మీదే ఆ లోన్ వస్తుంది. ఆపరేషన్ నుంచి డబ్బు పుట్టదు. మూడో నెలలో కిస్తీ ఆగితే బ్యాంకు ఆమె ఒక్కదాన్ని అడగదు, సంఘాన్ని అడుగుతుంది. తక్కినవాళ్ల పొదుపు నుంచి కట్టాల్సి వస్తుంది, వాళ్ల తర్వాతి లోన్ ఆగుతుంది. అసలు ప్రశ్న బ్యాంకును మోసం చేయడం గురించి మాత్రమే కాదు, మిగతా సభ్యులకు నిజం తెలిసి వాళ్లు తీర్మానం మీద సంతకం పెట్టారా అన్నది. మీటింగుకు రాని ఇద్దరి వేలిముద్ర తర్వాత వేయించుకున్నారంటే ఆ ఇద్దరినీ సాధనంగా వాడుకున్నట్టే.

బ్రిటిష్ తత్వవేత్త డబ్ల్యూ.డి. రాస్ 1930లో చెప్పిన పద్ధతి ఇక్కడ కాంట్, బెంథామ్ ఇద్దరికన్నా పనికొస్తుంది. కర్తవ్యం ఒక్కటే కాదన్నాడు: ఇచ్చిన మాట, చేసిన తప్పుకు పరిహారం, పొందిన మేలుకు కృతజ్ఞత, న్యాయం, ఇతరులకు మేలు, సొంత ఎదుగుదల, ఎవరికీ హాని చేయకపోవడం. ఒక సందర్భంలో ఇవి ఒకదాన్నొకటి ఢీకొంటాయి, ఏది బరువైనదో ఆ సందర్భంలో చూసి తేల్చాలి. ఓడిన కర్తవ్యం మాయమైపోదు, బాకీగా మిగులుతుంది. రాస్ మీద వచ్చే ఫిర్యాదు కూడా న్యాయమైనదే: బరువు ఎలా తూచాలో చెప్పలేదు. ఆచరణలో పనికొచ్చే కొలత ఒకటుంది. ఏ కర్తవ్యాన్ని ఇప్పుడు పక్కన పెడితే తర్వాత సరిదిద్దుకోగలం, దేన్ని సరిదిద్దుకోలేం? సాయం ఆలస్యమైతే ఇంకో రూపంలో చేయవచ్చు. తీర్మానం పుస్తకంలో అబద్ధం ఒకసారి రాశాక, వచ్చే ఏడు ఇంకొకామె వచ్చి "ఆమెకు రాసిర్రు గదా, నాకు రాయరా?" అంటే జవాబు ఉండదు.

కాబట్టి బర్రెల కాగితం రాయకూడదు. అక్కడితో లేచిపోతే సంఘం ఆమెకు చేయాల్సిన సాయం బాకీగా అలాగే ఉంటుంది, ఆమె నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇంకెవరి దగ్గరికో పోతుంది. సంఘాలు పాటించాల్సిన ఐదు నియమాలైన పంచసూత్రాల్లో అంతర్గత అప్పు ఒకటి ఉన్నది ఇలాంటి అవసరాల కోసమే. సొంత పొదుపు నుంచి "వైద్య ఖర్చు" అని ఉన్నది ఉన్నట్టు రాసి, ఎంత ఇవ్వగలరో అందరూ కూర్చుని తేల్చి, కిస్తీ ఆమె కూలి రోజులను బట్టి చిన్నగా పెట్టవచ్చు. చాలకపోతే ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘాన్ని అడగాలి. దానికన్నా ముందు చూడాల్సింది ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వర్తిస్తోంది. ఆ ఆపరేషన్ అందులో ఉందో లేదో, ఏ దవాఖానలో చేస్తారో దవాఖానలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర చెబుతారు. రేషన్ కార్డు, ఆధార్‌లో పేరు, వయసు ఒకేలా లేకపోతే పని ఆగుతుంది. లీడరు చేయగల పెద్ద సాయం చాలాసార్లు అదే: ఆ రెండు కార్డులు ముందుగానే చూసి, తేడా ఉంటే మీసేవలో సరిచేయించి, ఆమె వెంట ఒకరిని దవాఖానకు పంపడం.